కుంతళ మావుసీ భయం

పదన్ మామూను వాళ్లు నీళ్లలో గుంజకు కట్టేసినప్పుడు నేను ఒడ్డునే ఉన్నాను. నేనొక్కడినే కాదు, నూనీపదా ఊరు ఊరంతా ఒడ్డునే ఉంది.

చలికాలం. చిల్కా సరస్సు మీద మంచు అప్పుడే విడుతోంది. మా పడవలు సముద్రం మొగకు పోయే పాయకు అడ్డంగా రాయగురు బాబు మనుషులు రాత్రికి రాత్రి వెదురు గుంజలు పాతారు. సన్నకన్ను వల చుట్టి రొయ్యల దడి కట్టారు. ఘేరీ అంటాం మేము. ఆ నీళ్లు సర్కారు ఆయనకు గుత్తకిచ్చిందట. ఆయన ఏనాడూ పడవ నడిపినవాడు కాదు, చేపను ముట్టుకున్నవాడు కాదు. పదన్ మామూకు చూపు మందం. నిన్న లేని దడి ఇవాళ ఉందని ఆయనకేం తెలుసు? పడవ పోయి పోయి వలలో చిక్కుకుంది.

"రొయ్యల దొంగ దొరికాడు" అని కాపలావాళ్లు కేకలేశారు. ముసలాయన్ని పడవలోంచి లాగి, రొమ్ములోతు నీళ్లలో నిలబెట్టి, గుంజకు కట్టేశారు. మేనేజర్ సామంతరాయ్ మంచె మీద శాలువా కప్పుకుని చాయ్ తాగుతున్నాడు. పక్కన ఇద్దరి చేతుల్లో తుపాకులు. ఇంకొకడి ఒళ్లో నాటుబాంబుల సంచి.

"మీ ముసలాణ్ణి వచ్చి విప్పుకుపొండి" అని సామంతరాయ్ మావైపు చూసి పిలిచాడు. "రండి, రండి. ఎవరొస్తారో రండి."

ఎవరూ కదల్లేదు. మామూ మొదట వాళ్లను తిట్టాడు. తరువాత మా పేర్లు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరి పేరూ, తండ్రి పేరుతో సహా పిలిచాడు. ఆ తరువాత పిలవడం మానేశాడు. వాళ్లకు విసుగుపుట్టి తాడు కోసి తోసేశాక గాని మేము నీళ్లలోకి దిగలేదు. ఆయన బతికాడు. కానీ ఆ రోజు నుంచి ఎవరి మొహంలోకీ చూడటం మానేశాడు.

ఆ సాయంత్రం వలలు ఆరేసే మైదానంలో కూడాం. ప్రతివాడూ తానెందుకు కదల్లేదో చెప్పుకొస్తున్నాడు. చేతిలో గెడ లేదని ఒకడు. తుపాకీ గురి పిల్లలవైపు ఉందని ఇంకొకడు. తమ్ముడు ఆపాడని అన్న, అన్నే ఆపాడని తమ్ముడు.

అప్పుడు ఆడవాళ్ల మధ్య నుంచి కుంతళ మావుసీ లేచింది. పిన్నిని మేము మావుసీ అంటాం. ఆమె గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఎండుచేపలు కొని, సంతలో అమ్ముకునే మనిషి. భర్తను సరస్సే మింగింది. సభలో ఏనాడూ నోరు విప్పి ఎరగదు. కొంగును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"నాకు భయమేసింది" అంది. "గెడ లేక కాదు, ఎవరో ఆపారనీ కాదు. కాళ్లు రాలేదు. నీళ్లలో దిగకుండానే చీర తడిసిపోయింది. అంతే."

ఎవడో నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే చచ్చిపోయింది.

పదన్ మామూ పెళ్లాం సేబతి మాయి తల ఎత్తింది. "నీకొక్కదానికే కాదే. అక్కడ కట్టేసింది నా మొగుణ్ణి. నాకే కాళ్లు రాలేదు."

"నాకూ" అన్నారు ఎవరో చీకట్లోంచి. ఇంకెవరో "నాకూ" అన్నారు.

కృపాసింధు జెనా విసురుగా లేచాడు. ఆరడుగుల మనిషి. సూరత్‌లో మగ్గాల మీద పనిచేసి, అక్కడ సమ్మెలో లాఠీలు తిని వచ్చినవాడు. గొంతెత్తితే అవతలి ఒడ్డుకు వినబడుతుంది. "భయాలు చెప్పుకుని ఏడవడానికా ఇక్కడ కూడింది? రేపు పొద్దున్నే పోయి దడి పీకేద్దాం. మగాళ్లెవరో నా వెనక రండి."

ఊరికి కావలసింది ఆ మాటే అనిపించింది. అందరం జై కొట్టాం. కృపాసింధే మా నాయకుడని ఎవరూ ప్రతిపాదించకుండానే తేలిపోయింది. ఎలా పోవాలి, తుపాకులు పేలితే ఏం చెయ్యాలి, దెబ్బ తిన్నవాణ్ణి ఎవరు మోసుకురావాలి అని అతను ఎవరినీ అడగలేదు. అతన్ని మేమూ అడగలేదు.

పొద్దున్నే పోయాం. మొదటి బాంబు పడగానే నిధి మల్లిక్ కుడిచేతి వేళ్లు ఎగిరిపోయాయి. రెండోది పడేసరికి పడవలన్నీ వెనక్కి తిరిగాయి. కృపాసింధు ఒక్కడే మంచె దాకా పోయాడు. తెడ్డుతో ఒక కాపలావాడి భుజం విరగ్గొట్టాడు. అతని ధైర్యంలో వంక పెట్టడానికేమీ లేదు. కానీ వెనక్కి తిరిగి చూసుకునేసరికి అతని వెనక నీళ్లు తప్ప ఎవరూ లేరు.

పోలీసులు అతన్ని పట్టుకుపోయారు. లాంచి ఎక్కిస్తుంటే ఒడ్డు మీదున్న మమ్మల్ని చూసి అరిచాడు. "పిరికి గొడ్లు. మీకోసం నేను చావాలా?"

ఇది వింటున్న మీరంతా చదువుకునే పిల్లలు, మిల్లుల్లో పనిచేసేవాళ్లు. నాయకుడిలో ఏ గుణాలుండాలో చెప్పమని నన్ను అడిగారు. నాకు పాఠాలు చెప్పడం రాదు. మా ఊళ్లో జరిగింది చెప్తున్నాను, మీరే చూసుకోండి.

బడిలో పోలీసు క్యాంపు పెట్టారు. మగవాళ్లం పగలంతా రెల్లుగడ్డి దిబ్బల్లో దాక్కున్నాం. గడ్డిలో గాలి కదిలితే బూటు చప్పుడులా ఉండేది. కుక్క మొరిగితే గుండె ఆగేది. ఇళ్లల్లో ఆడవాళ్లు తలుపులకు రోళ్లు అడ్డం పెట్టుకున్నారు. పొయ్యిలు వెలగలేదు. పఖాళ చద్దన్నంలోకి నంజుకోవడానికి ఎండుచేప ముక్క కూడా లేని ఊరు అయిపోయింది, చేపలు పట్టే ఊరు.

ఆ రోజుల్లో గంప నెత్తిన పెట్టుకుని వీధుల్లో తిరిగిన మనిషి కుంతళ మావుసీ ఒక్కతే. పోలీసులు ఆపితే "ఎండుచేపలు బాబూ" అనేది. వాళ్లకు దూరంగా నిలబడి, గంప దించి, వణుకుతూ చూపించేది. ఇంత వణికే ఆడదాని మీద ఎవరికి అనుమానం వస్తుంది?

మా ఇంటికీ వచ్చింది. నేను గడ్డి దిబ్బల నుంచి అన్నానికి వచ్చి ఉన్నాను. అరుగు మీద గంప దించి అడిగింది. "కపిలా, నీకేం భయంరా?"

"నాకేం భయం" అన్నాను.

"సరేలే" అని గంప ఎత్తుకోబోయింది.

మా ఆవిడ జెమా గుమ్మంలోంచి అంది, "ఆయనకు నిద్ర లేదు మావుసీ. ఠాణాలో కొట్టి చంపేస్తారని కలవరిస్తాడు. నాకేమో వాళ్లు ఇంట్లోకొస్తారని భయం. ఆయన ఇంట్లో లేనప్పుడు వస్తారని."

మావుసీ గంప మళ్లీ కింద పెట్టింది. జెమా చెప్పిందంతా విన్నది. మధ్యలో ఒక్క మాట అనలేదు. ధైర్యం చెప్పలేదు. "ఇంకా?" అని మాత్రం అడిగింది. నేనూ చెప్పాల్సివచ్చింది. చెప్పాక గుండె బరువేం తగ్గలేదు గాని, దాచుకోవాల్సిన పని తగ్గింది.

ఇల్లిల్లూ అలాగే తిరిగింది. తరువాత ఒక రాత్రి మేమంతా ఆమె వాకిట్లో కూడినప్పుడు, ఎవరు చెప్పారన్నది చెప్పకుండా, విన్నదంతా మా ముందు పెట్టింది. "కొందరికి ఠాణా భయం. ఆడవాళ్లకు ఇంట్లో ఒంటరిగా ఉండాలంటే భయం. కొందరు రాయగురు బాబు దగ్గర బయానా తీసుకున్నారు, అది ఊరికి తెలుస్తుందని భయం. తుపాకీ అంటే అందరికీ భయం. ఇన్ని భయాలు పెట్టుకుని ఏం చెయ్యగలమో చెప్పండి. భయం లేనట్టు చేసే పని నాకు చెప్పొద్దు, నేను చెయ్యలేను."

సేబతి మాయి అంది, "ఒంటరిగా భయమైతే ఒంటరిగా ఉండొద్దు. వీధిలో ఆడవాళ్లమంతా ఒకే ఇంట్లో పడుకుందాం." నిధి మల్లిక్ కట్టుకట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని అన్నాడు, "పొద్దున్నే పోవడం తప్పయింది. చూసేవాడు లేడు, అందుకే బాంబు వేశారు. సంతరోజు మిట్టమధ్యాహ్నం పోవాలి. ఊళ్లూళ్ల పడవలు తిరుగుతుంటాయి. అంతమంది చూస్తుంటే తుపాకీ ఎత్తడానికి వాళ్లకూ భయమే." బయానా తీసుకున్నవాళ్లలో ఒకడు, గంటసేపు తల దించుకుని ఉన్నవాడు, లేచి తానే చెప్పేశాడు. ఎవరూ అతన్ని తిట్టలేదు.

ఆ విధంగా మా పథకం మా భయాల్లోంచే పుట్టింది. ముందు నిలబడే పని మావుసీకే అప్పగించాం.

అంతా సాఫీగా జరిగిందనుకోకండి. దడిలోకి రొయ్యపిల్లలు తెచ్చే పడవను సంతరోజున ఆడవాళ్లే అడ్డుకోవాలని, మగవాళ్లం వెనక పడవల్లో ఉండాలని అనుకున్నాం. మంత్రిగారి పర్యటనకు పోలీసులంతా పోతారు, వాళ్ల లాంచి ఆరోజు ఇటు రాదని మావుసీ చెప్పింది. లాంచి వచ్చింది. సేబతి మాయి తల పగిలింది. నా వీపు మీద లాఠీలు విరిగాయి. గాయపడ్డవాళ్లను మోసుకుని ఇళ్లకు చేరాం.

మావుసీ ముందు దెబ్బలు తిన్న ప్రతి ఇంటికీ పోయింది. ఆ తరువాతే సభకు వచ్చింది.

"లాంచి రాదని చెప్పింది నేను. సంతలో ఒక్కడు చెప్తే నమ్మాను. ఇంకొకర్ని అడగలేదు. తప్పు నాది. మీరు వేరేవాళ్లను పెట్టుకోండి."

నేనే లేచాను. వీపు మండిపోతోంది. "మావుసీ మీద నాకు కోపం లేదు. కానీ ముందు నిలబడే మనిషి వణికితే వెనకున్నవాళ్ల గతేంటి? లాంచి రాగానే ఆమె మొహం చూశాను. తెల్లగా పాలిపోయింది."

"పారిపోయిందా?" అని అడిగింది సేబతి మాయి. తలకు కట్టు, కట్టులోంచి నెత్తురు చెమ్మ.

"పారిపోలేదు."

"మరింకేంటి నీ బాధ? కృపాసింధు ఓడిపోయినప్పుడు తప్పెవరిదన్నాడు? మనల్ని పిరికి గొడ్లన్నాడు. ఈవిడ తప్పు నాదంది. పగిలింది నా తలకాయ, నీది కాదు. నాకు ఈవిడే కావాలి."

వాదన చాలాసేపు నడిచింది. నిధి మల్లిక్ ఒక షరతు పెట్టాడు. ఇకమీద ఏ కబురైనా ఇద్దరు వేరువేరుగా తెస్తేనే నమ్మాలి. మావుసీ ఒప్పుకుంది. చేతులెత్తమంటే ఎక్కువమంది ఆమెకే ఎత్తారు. నేను ఎత్తలేదు. మర్నాడు ఆమె నా దగ్గరకే మొదట వచ్చి, "నువ్వన్నదాంట్లో నిజం ఉంది. నేను వణికినప్పుడు నువ్వు నా పక్కన ఉంటావా?" అని అడిగింది. కోపగించుకుంటుందనుకున్నవాణ్ణి, తలూపాను.

కొన్నాళ్లకు కృపాసింధు బెయిలు మీద వచ్చాడు. చిక్కిపోయాడు. మీసం తెల్లబడింది. తన ఊరికి ఒక చేపల గంప ఆడది నాయకురాలైందని విని మాతో మాట్లాడటం మానేశాడు.

అప్పుడే సామంతరాయ్ కబురు పంపాడు. మాట్లాడుకుందాం, రాయగురు బాబు స్వయంగా వస్తారు, నాయకురాలు ఒక్కతే రావాలి అని. మేనేజర్ బంగళాకు మావుసీతోపాటు ఊరంతా పోయింది. గేటు దగ్గర సామంతరాయ్ అడ్డంగా నిలబడ్డాడు.

"ఒక్కతినే రమ్మన్నాను."

"ఒక్కతినే రాలేను బాబూ. నాకు భయం."

"నేనేమైనా పులినా?"

"పులైతే చెట్టెక్కుతాను. మీరు కుర్చీ వేస్తారు, చాయ్ ఇస్తారు, మెత్తగా మాట్లాడతారు. ఒక్కదాన్నే ఉంటే మీరు చెప్పినదానికి తలూపేస్తానేమోనని భయం."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అందరం వరండా దాకా పోయాం. పలచటి గాజు కళ్లద్దాల వెనక నుంచి రాయగురు బాబు మమ్మల్ని చూసి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఊళ్లో కుర్రాళ్లకు దడి మీద కాపలా ఉద్యోగాలిస్తానన్నాడు. ఊరికి రోడ్డు వేయిస్తానన్నాడు. మావుసీకి ఇంజను పడవ కొనిపెడతానన్నాడు.

మావుసీ వెనక్కి తిరిగింది. "ఇంజను పడవంట నాకు. ఏమంటారు?"

"పాయ మూసేశాక ఇంజను పడవ ఎక్కడ నడుపుతుంది, బంగళా వాకిట్లోనా?" అంది సేబతి మాయి.

"నేను నీతో మాట్లాడుతుంటే వాళ్లనడుగుతావేంటి?" అని రాయగురు బాబు కసిరాడు.

"పాయ వాళ్లది కదా బాబూ. అడక్కపోతే ఎలాగ?"

ఆ గుంపులో చివర కృపాసింధు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. తిరుగుదారిలో అతను మావుసీ పక్కకు చేరాడు. "ఠాణాలో మొదటి దెబ్బకే ఏడ్చాను మావుసీ" అన్నాడు. "ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు."

"నొప్పికి ఏడవక నవ్వుతామా నాయనా."

"నాకేం పనిస్తావు?"

"నీ గొంతియ్యి. నాది రెండో పడవకే వినబడదు. మనమంతా కూర్చుని అనుకున్నది నువ్వు అరిచి చెప్పు. అనుకోనిది ఒక్క మాట కూడా అరవొద్దు. నీకు కష్టంగానే ఉంటుంది."

అతను నవ్వాడు. జైలు నుంచి వచ్చాక నవ్వడం అదే మొదలు.

దడి పీకే రోజు సంతరోజే. మిట్టమధ్యాహ్నం ఎండ నీళ్ల మీద కళ్లు చెదిరేలా ఉంది. మా పడవలన్నీ ఒకదానికొకటి తాళ్లతో ముడేసుకుని కదిలాం. ఎవరూ ముందుకు ఉరకకుండా, ఎవరూ వెనక్కి తిరగకుండా. ఎవరు దెబ్బతిన్నవాళ్లను మోయాలో, ఎవరు పిల్లల దగ్గర ఉండాలో ముందే అనుకున్నాం. సంతకు పోయే పడవలు దూరంగా ఆగి చూస్తున్నాయి. నేను మావుసీ పడవలోనే ఉన్నాను. ఆమె పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నావీ అంతే.

కాపలావాళ్లు తుపాకులు ఎత్తారు. ఆగి చూస్తున్న పడవల వంక చూశారు. దించారు. మళ్లీ ఎత్తారు. కృపాసింధు గొంతు నీళ్ల మీద మోగింది. "ఎవరూ విడిపోవద్దు. మొదటి గుంజ పట్టుకోండి." మొదటి గుంజ బురదలోంచి ఊడి వచ్చింది. రెండోది వచ్చింది. వల చిరిగిన చోటు నుంచి నీరు సుడి తిరుగుతూ బయటకు దూకింది.

అప్పుడు పోలీసు లాంచి వచ్చింది. ఠాణా అధికారి దరోగా ముందు నిలబడి ఉన్నాడు. "ఎవరు మీ నాయకుడు?"

చేతులన్నీ ఆగిపోయాయి. ఇంత దాకా అన్నీ అనుకున్నాం గాని దీన్ని అనుకోలేదు. కృపాసింధు నోరు తెరిచి, మావుసీ వంక చూసి మూసుకున్నాడు. పట్టుకుపోతే ఏం చేస్తారో అతనికి తెలుసు.

"నేనే బాబూ" అంది మావుసీ. గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే దరోగా మళ్లీ అడగాల్సి వచ్చింది. ఆమె లేచి నిలబడింది. పడవ ఊగింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. "నేనే. నన్ను పట్టుకోండి. వాళ్లను కొట్టొద్దు."

ఇద్దరు పోలీసులు ఆమెను రెక్క పట్టుకుని లాంచిలోకి లాగారు. ఆమె బల్ల మీద ముడుచుకుని కూర్చుంది.

సేబతి మాయి తన పడవను లాంచికి ఆనించింది. చీర కుచ్చిళ్లు దోపుకుని ఎక్కేసింది.

"నువ్వెక్కడికే?" అన్నాడు దరోగా.

"ఆవిడకు ఒంటరిగా భయం. నేనూ వస్తా."

ఆమె వెనక మా జెమా ఎక్కింది. నిధి మల్లిక్ తల్లి ఎక్కింది. పోలీసులు తోస్తుంటే ఇంకోవైపు నుంచి ఎక్కుతున్నారు. లాంచి నీళ్లలోకి కుంగిపోయింది. ఇంజను మూలిగింది, పొగ కక్కింది, కదల్లేదు. "దిగండి, మునిగిపోతాం" అని దరోగా అరుస్తున్నాడు. అతని మొహంలో మొదటిసారి మేం రోజూ ఒకరి మొహంలో ఒకరం చూసుకునేదాన్నే చూశాను. ఆడవాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని కూర్చున్నారు. మధ్యలో మావుసీ ఎక్కడుందో కనబడటం లేదు.

"గుంజలు" అని కృపాసింధు అరిచాడు. మగవాళ్లం మళ్లీ చేతులేశాం. సాయంకాలానికి ఇంకో లాంచి వచ్చి ఆడవాళ్లను తీసుకుపోయేసరికి పాయకు అడ్డంగా ఒక్క గుంజ లేదు.

వాళ్లను జైల్లో పెట్టారు. చాలామందిని కొన్ని వారాల్లో వదిలారు. మావుసీని వదల్లేదు. రాయగురు బాబు మా పాయ జోలికి మళ్లీ రాలేదు గాని, పక్క ఊరు బడకూల్ వాళ్ల నీళ్లలో ఇంతకంటే పెద్ద దడి మొదలుపెట్టాడు. బడకూల్ వాళ్లు పడవేసుకుని వచ్చారు. మీ మావుసీ జైల్లో ఉంది, ఇంకెవరినైనా పంపమన్నారు. ఎవరినో ఒకరిని కాదు, అందరం వస్తామని సభలో తేల్చాం.

మేము పోయిన రోజు చెప్తాను, ఇప్పుడు ఆ నీళ్ల మీదే ఉన్నాం అనుకోండి. ఎదురుగా మంచెల మీద ఈసారి కాపలావాళ్లతోపాటు పోలీసులూ ఉన్నారు. నా నోరు ఎండిపోయింది. తాడుతో ముడేసిన పక్క పడవలో బడకూల్ మనిషి ఒకడున్నాడు. పేరు తెలియదు. అతని మొహం సున్నం కొట్టినట్టుంది. నా వంక చూశాడు. నేను అతని వంక చూశాను. ఇద్దరం ఒకేసారి గెడలు నీళ్లలో దించి తోశాం.